కుట్టినట్టే తెలియలేదు

పిల్లలతో అడవి దారుల్లో తిరిగొచ్చిన కొన్నాళ్లకు నాకు జ్వరం పట్టుకుంది. ఒళ్లునొప్పులు, తలనొప్పి, లేచి నాలుగడుగులు వేస్తే మళ్లీ పడుకోవాలనిపించే నీరసం. జలుబు, దగ్గు మాత్రం లేవు. స్నానం చేస్తుంటే మోకాలి వెనక అరచేయంత ఎర్రటి మచ్చ కనిపించింది. దురద లేదు, నొప్పి లేదు. రోజురోజుకీ పెద్దదవుతూ పోయింది.

డాక్టరు మచ్చ చూడగానే ఈమధ్య ఎక్కడికైనా వెళ్లారా అని అడిగారు. లైమ్ జబ్బు అన్నారు. పిడుదు (టిక్, ఒంటికి అతుక్కుని రక్తం తాగే చిన్న పురుగు) కరిచినప్పుడు బొర్రేలియా అనే బ్యాక్టీరియా ఒంట్లో చేరడం వల్ల వస్తుందట. తొలి వారాల్లో జబ్బుతో పోరాడేందుకు ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలు సరిగా తయారుకావు కాబట్టి రక్తపరీక్షలో ఏమీ తేలకపోవచ్చని, మచ్చను బట్టే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. జ్వరం తొందరగానే దిగింది. నీరసం మాత్రం మందుల కోర్సు అయ్యాక కూడా కొన్నాళ్లు వదల్లేదు. ఇప్పుడు పూర్తిగా కోలుకున్నాను.

మంచం మీద ఉన్నన్నాళ్లూ పిల్లల గురించే టెన్షన్. పిడుదు నా కాలు పట్టుకుని కడుపునిండా రక్తం తాగినా నాకే తెలియలేదు. చిన్నపిల్లలు ఏం చెప్పగలరు? పిల్ల పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది. ఎగరదు, దూకదు. గడ్డి కొసన ముందుకాళ్లు చాచి కూర్చుని, రాసుకుంటూ వెళ్లినవాళ్లను పట్టుకుంటుంది. పిల్లలకైతే తలలో, మెడ మీద ఎక్కువగా కరుస్తుంది.

ధైర్యం చెప్పే విషయం ఒకటుంది. లైమ్ బ్యాక్టీరియా మనకు అంటాలంటే సాధారణంగా పిడుదు 24 గంటలకు పైగా అతుక్కుని ఉండాలి. అందుకే ఇప్పుడు తిరిగొచ్చిన సాయంత్రమే పిల్లలకు స్నానం చేయించి, తల పాయలు తీసి చూస్తాను. చెవుల వెనక, చంకలు, బొడ్డు, నడుము, గజ్జలు, మోకాళ్ల వెనక కూడా. విసుక్కుంటారు, అయినా వదలను. బయల్దేరేటప్పుడు ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుతాను. దారి మధ్యలోనే నడవమంటాను. పురుగులు దగ్గరికి రాకుండా చేసే డీట్ అనే మందు ఉన్న క్రీమ్ నేనే రాస్తాను, వాళ్ల చేతులకూ, కళ్ల దగ్గరా, నోటి దగ్గరా తగలకుండా.

ఒకసారి చిన్నవాడి చెవి వెనక దొరికింది. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నేరుగా పైకి లాగాను. వ్యాసలీన్ పూయడం, నిప్పుతో కాల్చడం వద్దే వద్దు. తర్వాత ఆ చోటు సబ్బుతో కడిగి, క్యాలెండర్‌లో తేదీ రాసి పెట్టుకున్నాను. మచ్చ 3 నుంచి 30 రోజుల్లోపు ఎప్పుడైనా రావచ్చు. వాడికి రాలేదు. వచ్చినా, ఉత్త జ్వరమే తగిలినా, డాక్టరుకు మొదట చెప్పేది పిడుదు సంగతే.