గువ్వలచెరువు గులకరాళ్లు, పులివెందుల పెచ్చులు

కడప నుంచి రాయచోటి పోయే బస్సు గువ్వలచెరువు ఘాట్‌లో ముప్పావుగంట కదల్లేదు. పై మలుపులో లారీ అడ్డంగా ఆగిపోయింది. బస్సులో అందరూ విసుక్కుంటుంటే నేను కిటికీలోంచి కొండను కోసిన గోడ చూస్తూ కూర్చున్నాను. భూగర్భశాస్త్ర పటాల్లో ‘గుల్చేరు క్వార్ట్జైట్’ (ఇసుక గట్టిపడి అయిన రాయి) అని కనిపించేది ఈ ఊరి పేరే. తెల్లవాళ్ల నోట్లో గువ్వలచెరువు అలా అయింది.

ఊళ్లో దిగి, పాలకోవా అంగళ్లు దాటి (కోవా ధర మళ్లీ పెరిగింది, అయినా అరకిలో తీసుకున్నాను) కొండ అడుగుకు నడిచాను. కింద గ్రానైట్, దాని మీద గులకరాళ్లు గట్టిగా అతుక్కుపోయిన పొర. ఇదే కాంగ్లోమరేట్. రెండు మిల్లీమీటర్లకు మించిన ముక్కలు గుండ్రంగా ఉండి అతుక్కుంటే కాంగ్లోమరేట్, కోణాలతో ఉంటే బ్రెక్సియా అని పాఠాల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఇల్లు కట్టినవాళ్లకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఏటి గులకరాళ్లతో వేసిన కాంక్రీటు మొదటిది, క్రషర్ నుంచి వచ్చిన 20 ఎంఎం కంకరతో వేసిన స్లాబు రెండోది. చిక్కంతా కొండ దగ్గర రాయిని చూసేటప్పుడే.

చాలామంది సుత్తితో కొట్టి, పగిలిన ముఖం చూస్తారు. ఇక్కడ అది పనికిరాదు. ఇసుకనూ గులకరాళ్లనూ పట్టి ఉంచిన సిలికా కూడా రాయంత గట్టిది. దెబ్బ కొడితే పగులు గులకరాళ్ల చుట్టూ తిరగదు, వాటి మధ్యలోంచే పోతుంది. అంచు పదునుగా తేలేసరికి బ్రెక్సియా అని పొరబడతారు. ఎండకూ వానకూ అరిగిన పాత ముఖం వెతకాలి. అక్కడ గులకరాయి బయటికి పొడుచుకొచ్చి, బొటనవేలితో తడిమితే నునుపు తెలుస్తుంది. నీళ్లు చల్లితే రంగులు విడివిడిగా తేలతాయి. నేను మూరెడు వెడల్పు, మూరెడు ఎత్తు గీసుకుని వరసగా యాభై ముక్కలు లెక్కపెడతాను, ఏ రాయి, ఎంత అరిగింది అని. నచ్చినవి ఏరుకుంటే లెక్క తప్పుతుంది. ఇక్కడ ఎక్కువగా తగిలింది పలుగురాయి, అక్కడక్కడ ఎర్ర జాస్పర్. కిందే గ్రానైట్ ఉన్నా, గ్రానైట్ గులకరాయి నా గీతల్లోకి ఒక్కటీ రాలేదు. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమన్నుగా మారి కొట్టుకుపోతుంది, పలుగు మిగులుతుంది.

మర్నాడు చక్రాయపేట మీదుగా వేంపల్లి బస్సు. గండి దగ్గర పాపఘ్ని కొండను చీల్చుకుని పోయే చోట కాసేపు ఆగాను. ఏటి అడుగున నేటి గులకరాళ్లు ఇంకా అరుగుతూనే ఉన్నాయి.

పులివెందుల నుంచి ఆటోకు ఎనిమిది వందలు అడిగాడు. పది కిలోమీటర్లకు అది చాలా ఎక్కువ. కానీ ఆ మధ్యాహ్నం బస్సు లేదు. వేంపల్లి డోలమైట్ (సున్నపురాయికి దగ్గరి రాయి) అయిపోయి పులివెందుల క్వార్ట్జైట్ మొదలయ్యే చోటు చూడాలన్నది నా పట్టుదల. డోలమైట్‌లో చెకుముకి రాయి పట్టీలుగా ఉంటుంది. పై పొర అడుగున కనిపించేవి ఆ చెకుముకి ముక్కలే, పదునైన అంచులతో, వేలు కోసుకునేంతగా.

ఇక్కడ రెండు పరీక్షలు చేయాలి. మొదటిది, ఈ ముక్కలు పొర వెంట పరుచుకున్నాయా, పొరలను అడ్డంగా కోస్తూ పోయాయా? అడ్డంగా పోయి, పక్కన రాపిడి గీతలున్న నునుపు బండ కనిపిస్తే అది భ్రంశం (పొరలు విరిగి జారిన చీలిక) వెంట నలిగిన రాయి, పేరుకుని ఏర్పడిన అవక్షేపం కాదు. ఇది పొర వెంటే ఉంది. రెండోది, పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క. చెకుముకి మీద ఏమీ జరగదు. డోలమైట్‌ను చాకుతో గీకి ఆ పొడి మీద వేస్తేనే సన్నగా నురుగు వస్తుంది. గీకకుండా వేసి ‘ఏమీ రాలేదు’ అని రాసుకుంటే రెండూ ఒకటే అయిపోతాయి.

పోలిక ఎప్పుడూ ఒకే జాతి రాయి మీద జరగాలి. సున్నపురాయి వంకలో కొద్ది దూరానికే నునుపెక్కుతుంది. పలుగు, చెకుముకి చాలా దూరం దొర్లితే గానీ అరగవు. అందుకే గువ్వలచెరువులో గుండ్రటి పలుగు అంటే దూరపు ప్రయాణం, లేదా ఒకే తీరాన అలల కింద చాలాకాలం దొర్లడం. పులివెందులలో కోణాల చెకుముకికి మాత్రం అంత గట్టి అర్థం చెప్పలేం. కొంత దూరం వచ్చినా అది పదునుగానే ఉండగలదు. పుట్టిల్లు కాళ్ల కిందే ఉందని నమ్మడానికి అంచులొక్కటే చాలవు, కింది డోలమైట్‌లో అదే రంగు పట్టీ కనబడాలి. కనబడింది, బూడిదరంగులో, అంగుళం మందాన.

ఈ రెండు పొరలకంటే పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొరబడ్డ నల్లరాయి వయసు సుమారు 189 కోట్ల ఏళ్లు. పొరలు అంతకంటే పాతవి. అయినా లెన్స్ పెట్టి చూస్తే పక్కపక్కనున్న రెండు చెకుముకి పెచ్చుల అంచులు ఒకదానికొకటి సరిపోతున్నాయి. మధ్యలో వెంట్రుకంత సందు, అందులో ఇసుక.