నాన్న బండికి కొత్త రంగు, కొత్త గొంతు

బండి నాన్నది. రెండు సిలిండర్ల మోటార్‌సైకిల్, కార్బొరేటర్ల కాలంది. ఆయన నడిపిన పదమూడేళ్ళూ నల్లగా నిగనిగలాడింది. నా చేతికి వచ్చేసరికి ఆ నలుపు వెలిసి బూడిద రంగుకు తిరిగింది. ట్యాంకు ఎడమవైపు, మోకాలు ఆనే చోట అరచేయంత సొట్ట. రెండు సైలెన్సర్లూ అడుగున తుప్పు పట్టాయి, కుడిదానికి చిల్లు కూడా పడింది. అమ్మేసి కొత్తది కొనుక్కోమని చాలామంది చెప్పారు. నాకు మనసొప్పలేదు. ఇంజన్ జోలికి పోకుండా రంగు, సైలెన్సర్లు మార్చి ఈ బండినే ఉంచుకుందామనుకున్నాను.

రంగు విషయంలో నాకు మొదటినుంచీ ఒకటే కోరిక, క్యాండీ ఎరుపు. మామూలు ఎరుపు వేరు, ఇది వేరు. ముందు వెండి రంగు కొట్టి, దానిమీద అవతలివైపు కనిపించేంత పలచని ఎరుపును పొరలు పొరలుగా కొడతారు. వెలుతురు ఆ ఎరుపులోంచి లోపలికి పోయి, అడుగున వెండికి తగిలి, మళ్ళీ ఎరుపులోంచే బయటికి వస్తుంది. అందుకే ఎండలో ట్యాంకు లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. నీడలోకి తెస్తే అదే రంగు ముదురు దానిమ్మ గింజలా కనిపిస్తుంది.

కష్టం కూడా అక్కడే ఉంది. ప్రతి పొరకీ రంగు ముదురుతుంది. ట్యాంకుకి నాలుగు పొరలు, సైడు ప్యానెల్‌కి మూడు పడితే రెండూ రెండు రంగులవుతాయి. కాబట్టి ట్యాంకు, ప్యానెళ్ళు, మడ్‌గార్డులు అన్నీ ఒకేరోజు, పక్కపక్కనే పెట్టి, ఒకే డబ్బాలో కలిపిన రంగుతో కొట్టాలి.

కార్లకు రంగులు వేసే పెయింటర్ ఒకాయన రంగు కొట్టే తన గది (బూత్) వాడుకోనిచ్చారు. తయారీ అంతా నాది. పెట్రోలు మొత్తం తీసేసి, ట్యాంకు కడిగి, మూత తీసి రోజుల తరబడి గాలికి ఆరబెట్టాను. ఖాళీ ట్యాంకంటే భయం ఉండదనుకుంటారు కానీ, నిండు ట్యాంకు కన్నా ఖాళీదే ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. సొట్ట దగ్గర రేకు తేలేదాకా గీకి, లప్పం పెట్టి, 80 నంబరు ఎమరీ పేపరుతో మొదలుపెట్టి 180తో సాపు చేశాను. మిగతాచోట కంపెనీ పెయింటు గట్టిగానే ఉంది కాబట్టి దాన్ని పూర్తిగా తీయలేదు, గరుకు చేశానంతే. ప్రైమర్ ఆరాక నీళ్ళతో 600 పేపరు పట్టాను. ఆ సాయంత్రం కళ్ళు మూసుకుని ట్యాంకంతా చేత్తో తడిమి చూశాను. కంటికి కనపడని ఎత్తుపల్లాలు వేళ్ళకు తెలుస్తాయి. సొట్ట ఎక్కడుండేదో కనుక్కోలేకపోయాను. చాలా సంతోషమేసింది.

మర్నాడు వెండి రంగు కొట్టగానే ట్యాంకు మీద గుండ్రటి చిన్న చిన్న గుంటలు లేచాయి. రంగు పట్టకుండా పక్కకు జరిగిపోయి, మధ్యలో ప్రైమర్ కనపడుతోంది. పెయింటర్ ఒక్క చూపు చూసి అడిగారు.

"పాలిష్ ఏమన్నా పూసేవాళ్ళా తమ్ముడూ?"

"నాన్న ప్రతి వారం పూసేవారన్నా."

"అదే మరి. సిలికాన్."

ఈ గుంటలను ఫిష్ ఐ అంటారు. మెరుపు పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. పేపరు పట్టే ముందే గ్రీజు తీసే ద్రావకంతో తుడవాలి. నేను పేపరు పట్టాక తుడిచాను. అంటే సిలికాన్‌ను తీసేయాల్సింది పోయి పేపరుతో రుద్ది లోపలికి ఎక్కించాను. తుడవడం కూడా రెండు గుడ్డలతో చేయాలి. ఒకటి తడిది, రెండోది పొడిది, ద్రావకం ఆరిపోకముందే మురికిని ఎత్తేసేందుకు. ఒకే గుడ్డతో తుడిస్తే మురికి అటునుంచి ఇటు వస్తుందంతే. మొత్తం గీకేసి, తుడిచి, మళ్ళీ ప్రైమర్ నుంచి మొదలుపెట్టాను. వారం పోయింది.

రెండోసారి వెండి అద్దంలా పరుచుకుంది. ఎరుపు నాలుగు పొరలు, పొరకీ పొరకీ మధ్య పదిహేను నిమిషాలు. ముందు ఒక అట్టముక్క మీద కొట్టి చూసుకుని, ఏ పొర దగ్గర ఆగాలో నిర్ణయించుకున్నాను. రంగు మీద చివరగా కొట్టే పారదర్శకమైన పొర, క్లియర్ కోటు, మాత్రం పెయింటరే కొట్టారు, నేను బయట నిలబడ్డాను. అందులో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి, అవి ఊపిరితిత్తులకు చాలా చెడు చేస్తాయి. మామూలు దుమ్ము మాస్కు వాటిని ఆపలేదు. ఆయన బయటినుంచి గాలి వచ్చే మాస్కు వేసుకున్నారు. అది లేకుండా ఇంట్లో ఈ పని చేసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది, దయచేసి చేయకండి.

క్లియర్ పూర్తిగా గట్టిపడేదాకా రెండు వారాలు ట్యాంకులో పెట్రోలు పోయకూడదనుకున్నాను. ఈలోగా సైలెన్సర్ల పని.

పాతవి ఒక్కోటీ ఐదు కిలోల పైనే తూగాయి. కొత్తవి స్టెయిన్‌లెస్ స్టీలువి, మూడు కిలోలు కూడా లేవు. కంపెనీ సైలెన్సర్‌లో లోపల గదులుంటాయి, పొగ మలుపులు తిరిగి బయటపడుతుంది. కొత్తదాంట్లో చిల్లుల పైపు తిన్నగా పోతుంది, దాని చుట్టూ దట్టించిన గ్లాస్ వూల్ శబ్దాన్ని పీల్చుకుంటుంది. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు పొగను తెచ్చే బెండ్ పైపులు కూడా మార్చాను. ఇంజన్ పైభాగమైన హెడ్డు దగ్గర నట్లు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే రెండు రాత్రులు నూనె వేసి నానబెట్టి, వేడి చేసి, నెమ్మదిగా విప్పాను. బలవంతం చేసి, నట్టు ఎక్కే మరకడ్డీ (స్టడ్డు) విరగ్గొట్టుకుంటే హెడ్డే విప్పాల్సి వస్తుంది.

స్టార్టు చేసే ముందు కొత్త పైపులను స్పిరిట్‌తో తుడవాలి. వేలిముద్రల్లోని జిడ్డు మొదటి వేడికే మాడి మచ్చలుగా ఉండిపోతుంది. నేను తుడిచాను, అయినా కుడి పైపు వంపు లోపలివైపు నా బొటనవేలు ముద్ర ఇప్పటికీ ఉంది.

ఒక సీసాలో పెట్రోలు పోసి పైన వేలాడదీసి స్టార్టు చేశాను. గొంతు మారిపోయింది. ముందు గుసగుసలాడినట్టు ఉండేది, ఇప్పుడు గుండెకు తగిలే బరువైన ధ్వని. కానీ యాక్సిలరేటర్ వదిలితే చాలు, ఎడమ సైలెన్సర్‌లోంచి టప్ టప్‌మని పేలుళ్ళు. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గిందనుకుని కార్బొరేటర్లలో తక్కువ వేగానికి పెట్రోలు అందించే పైలట్ జెట్లు పెద్దవి వేశాను, స్క్రూలు తిప్పాను. ట్యాంకు బిగించాక కూడా రోజూ అదే పని. రెండు వారాల్లో ప్లగ్గులు మసి పట్టి నల్లబడ్డాయి కానీ పేలుళ్ళు ఆగలేదు.

చివరికి ఒక రోజు ఇంజన్ ఆన్‌లో ఉంచి, తడిగుడ్డతో సైలెన్సర్ మూతిని కాసేపు మూశాను. ఎడమ సిలిండర్ దగ్గర బుస్సుమని చప్పుడు. పైపు విప్పి టార్చి వేసి చూస్తే పైపుకీ హెడ్డుకీ మధ్య పొగ కారకుండా పెట్టే పాత రాగి రింగు (గ్యాస్కెట్) ఇంకా లోపలే ఉంది. మసితో కలిసిపోయి హెడ్డులో భాగంలాగే కనిపిస్తోంది. దానిమీదే నేను కొత్తది పెట్టాను, అది వంకరగా కూర్చుంది. ప్రతిసారీ పొగ ఒక్క ఊపున బయటికి పోయాక వెనక కాస్త ఖాళీ ఏర్పడుతుంది, ఆ క్షణంలో సందులోంచి బయటి గాలిని లాగుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కాలకుండా వచ్చిన పెట్రోలు ఆ గాలితో కలిసి పైపులోనే అంటుకుంటోంది. పాత గ్యాస్కెట్‌ను జాగ్రత్తగా ఊడదీసి కొత్తది వేశాను, పేలుళ్ళు ఆగిపోయాయి. పైలట్ జెట్లు పాతవే మళ్ళీ పెట్టాను. ఫుల్ స్పీడు తర్వాత ప్లగ్గులు తెల్లబారుతున్నాయి, అంటే అక్కడ పెట్రోలు చాలడం లేదు, కాబట్టి ఎక్కువ వేగానికి పెట్రోలు అందించే మెయిన్ జెట్లు మాత్రం ఒక సైజు పెంచాను. ఇప్పుడు రెండు ప్లగ్గులూ లేత గోధుమ రంగులో ఉన్నాయి, ఉండాల్సింది అలాగే.

సైలెన్సర్ల చివర శబ్దం తగ్గించే బ్యాఫిల్స్ ఉన్నాయి, ఒక్క స్క్రూతో ఊడివస్తాయి. తీసి ఒక రోజు నడిపాను. పది నిమిషాలు బాగుంది. గంటసేపు ఒకే వేగంతో పోయేసరికి తలలో ఒకటే హోరు. తెల్లవారి స్టార్టు చేస్తే ఎదురింట్లో పసిపాప ఉలిక్కిపడి ఏడ్చింది. ఆ రోజే మళ్ళీ బిగించేశాను. బ్యాఫిల్స్ ఉన్నా ఆ బరువైన గొంతు అలాగే ఉంది, అరుపు మాత్రం పోయింది. నాకు కావలసింది అదే.

కుడి సైలెన్సర్ చిల్లుకు వెల్డింగ్ చేయించి, పాతవి రెండూ నూనె రాసి, గుడ్డ చుట్టి అటక మీద పెట్టాను. మొన్న ట్యాంకు ముందుభాగంలో రాయి తగిలి గింజంత పెచ్చు లేచింది. క్యాండీ రంగుకు అక్కడొక్కచోటే రంగు పూస్తే చుట్టూ ముదురు వలయం కనిపిస్తుంది. అందుకని దానిమీద చుక్క క్లియర్ వేసి, ఆరాక ముందుభాగమంతా పారదర్శకమైన ఫిల్మ్ అంటించాను. నాన్న వచ్చి, సొట్ట ఉండే చోట రెండుసార్లు చేత్తో తడిమి చూసి, తాళం అడిగారు.