చెరుకు అనకాపల్లి తోలకూడదు

ఫ్యాక్టరీలు కట్టే కంప్యూటర్ గేమ్ ఫ్యాక్టోరియోలో నా మొదటి ఫ్యాక్టరీ చూడముచ్చటగా ఉండేది. అందరూ చెప్పే మెయిన్ బస్సే కట్టాను, అంటే సరుకులన్నీ పక్కపక్క బెల్టుల మీద పారే ఒకే పెద్ద దారి. నాలుగు వరసలు ఇనుప ప్లేట్లు, నాలుగు వరసలు రాగి ప్లేట్లు, పక్కనే స్టీలు, ప్లాస్టిక్, గ్రీన్ సర్క్యూట్లు. ఏది కావాలన్నా బెల్టుని చీల్చే స్ప్లిటర్ ఒకటి పెట్టి పక్కకి లాక్కోవడమే. ఎక్కడేముందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. పరిశోధనకి వాడే బ్లూ సైన్స్ ప్యాకెట్ల దాకా ఏ చిక్కూ రాలేదు.

బ్లూ సర్క్యూట్ల దగ్గర దొరికిపోయాను. ఒక్కదానికి 20 గ్రీన్, 2 రెడ్ సర్క్యూట్లు, కొంచెం సల్ఫ్యూరిక్ యాసిడ్ కావాలి. ఆ రెడ్ ఒక్కోదానికి మళ్ళీ 2 గ్రీన్. వెరసి 24 గ్రీన్! పసుపు బెల్టు సెకనుకి మోసేది 15 వస్తువులే. బస్ చివరికి వెళ్ళి చూస్తే రాగి బెల్టులు ఉత్తినే తిరుగుతున్నాయి.

ముందు అందరూ చేసే పనే చేశాను: ఇంకో రెండు రాగి వరసలు. వాటికి చోటు కోసం ఒక పక్కనున్న మెషీన్లన్నీ పీకి జరపడానికి ఒక ఆదివారం పోయింది. మర్నాటికి మళ్ళీ కరువే. అప్పుడు కాగితం తీశాను. ఒక గ్రీన్‌కి ఒక ఇనుప ప్లేటు, మూడు రాగి తీగలు. ఒక రాగి ప్లేటుకి రెండు తీగలు. అంటే ఒక బెల్టు నిండా గ్రీన్ రావాలంటే ఒక బెల్టు ఇనుము, ఒకటిన్నర బెల్టు రాగి మింగుతుంది.

నాతో కలిసి ఆడే మా తమ్ముడు నవ్వాడు. "అన్నయ్యా, చెరుకంతా అనకాపల్లి తోలి అక్కడ బెల్లం వండుతున్నావేంటి?"

మా వైపు తోట దగ్గరే గానుగ ఆడి, అక్కడే వండి, దిమ్మలు మాత్రమే మార్కెట్టుకి తోలతారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, నాకు తట్టలేదు.

లెక్క వేశాను. రైలు వ్యాగన్‌లో 40 గడులు. ప్లేట్లయితే 4000 పడతాయి, గ్రీన్ సర్క్యూట్లు 8000. ఆ 8000లో ఉన్నవి 12000 రాగి, 8000 ఇనుప ప్లేట్లు. అంటే ఐదు వ్యాగన్ల సరుకు ఒక్క వ్యాగన్‌లో వచ్చేస్తుంది! రాగి గని పక్కనే ఇనుప గని ఉన్న చోటు వెతికి, కొలిమిలు అక్కడే పెట్టి, మూడు తీగ మెషీన్లకి రెండు సర్క్యూట్ మెషీన్ల చొప్పున కట్టాం.

రైళ్ళు మొదటి రోజే పరువు తీశాయి. నాలుగు స్టేషన్లకీ ఒకే పేరు, ఒక స్టేషన్‌కి ఒకేసారి ఎన్ని రైళ్ళు రావచ్చో చెప్పే ట్రైన్ లిమిట్ ఏమో పెట్టలేదు. రైళ్ళన్నీ ఒకే స్టేషన్ మీద పడ్డాయి. ఆ వరస కూడలి దాకా పెరిగింది. కూడలి మొదట్లో, అవతల దారి ఖాళీ ఉంటేనే రైలుని వదిలే చైన్ సిగ్నల్ బదులు మామూలు సిగ్నల్ పెట్టానేమో, ఒక రైలు సరిగ్గా నడిమధ్యకి వచ్చి ఆగింది. ఇక ఏదీ కదలదు. చేత్తో నడిపి ఒక్కోటీ బయటికి తీశాను. లిమిట్ ఒకటి చేసి, లోపలికొచ్చే చోట చైన్, బయటికెళ్ళే చోట మామూలు సిగ్నల్ పెట్టాక దారికొచ్చాయి.

పొగ తగిలితే మీదపడే పురుగులు, అదే బైటర్ల సంగతి మాత్రం నేను లెక్కలోకే తీసుకోలేదు. బస్ అయితే ఒకే గోడ లోపల ఉండేది. ఇప్పుడు కొత్త కొలిమిల పొగ కొత్త గూళ్ళని లేపింది. ఒకసారి కరెంటు స్తంభం కొరికేశాయి, గని మొత్తం ఆగిపోయింది. స్క్రీన్ కింద ఎర్ర గుర్తు మెరుస్తూనే ఉందట. పరిశోధన ల్యాబులు ఆగాక గానీ నేను చూడలేదు. బస్ మీదైతే నడుస్తూనే పట్టేసేవాణ్ణి.

ఇప్పుడు గ్రీన్‌తో పాటు స్టీలు కూడా గని దగ్గరే. ఐదు ప్లేట్లు ఒక్క స్టీలవుతాయి కాబట్టి అదీ బెల్లం లాంటిదే. రాగి తీగనైతే దూరం బెల్టు ఎక్కనివ్వను, ఒక ప్లేటు రెండై కూర్చుంటుంది. సరుకు ఎత్తిపెట్టే ఇన్‌సర్టర్లు, బెల్టులు లాంటి చిల్లర సరుకు ఇంకా పాత బస్ మీదే తయారవుతోంది. దాన్ని కూడా పీకేద్దామని తమ్ముడి గొడవ. నేను ఒప్పుకోలేదు. వాడు స్తంభాల చుట్టూ గోడ కట్టడం పూర్తి చేశాక మాట్లాడదాం అన్నాను.