థిన్ ఫిల్మ్ క్రిటికల్ కరెంట్: ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు అంచుల సంగతి చూసుకుని వెళ్లండి

నెట్, గేట్ ఫిజిక్స్ రాసేవాళ్లకి సూపర్ కండక్టివిటీ (రెసిస్టెన్స్ లేకుండా కరెంట్ పోవడం) అంటే ఒక్క సాయంత్రంలో అయిపోయే చాప్టర్. మైస్నర్ ఎఫెక్ట్, లండన్ సమీకరణం, టైప్ 1, టైప్ 2 గ్రాఫులు, జోసెఫ్సన్ ఫ్రీక్వెన్సీ, అంతే. రాత పరీక్షకి అది చాలు, కాదనను. నెట్ పార్ట్ సీలో 30 ప్రశ్నల్లో 20 చేయాలి, ఒక్కోటి 5 మార్కులు, తప్పైతే పావు వంతు కోత, కాబట్టి అక్కడ క్వాంటమ్ మీద టైమ్ పెట్టడమే లాభం. కానీ జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చాక పీహెచ్‌డీ ఇంటర్వ్యూ అనేది ఇంకో పరీక్ష. కండెన్స్‌డ్ మ్యాటర్ అని బోర్డు మీద రాశారంటే తవ్వడం మొదలెడతారు.

సూపర్ కండక్టర్ రెసిస్టెన్స్ లేకుండా మోయగలిగే గరిష్ఠ కరెంటే క్రిటికల్ కరెంట్, దాని పలచటి పొరే ఫిల్మ్. నన్ను అడిగింది ఇదీ: "ఫిల్మ్ వెడల్పు రెట్టింపు చేస్తే క్రిటికల్ కరెంట్ రెట్టింపవుతుందా?" వినడానికి స్కూలు పిల్లల ప్రశ్నలా ఉంటుంది. ఎదురు ప్రశ్న వేయకుండా దీనికి జవాబు చెప్పలేం. ఫిల్మ్ వెడల్పు ఎంత? మందం ఎంత? లోపల పిన్నింగ్ (వోర్టెక్స్ అనే అయస్కాంత సుడులు లోపాల దగ్గర ఇరుక్కుని కదలకపోవడం) ఉందా? ఇవి అడిగితేనే మనకి విషయం తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

వరస ఇలా పెట్టుకోండి. ముందు 1916 నాటి సిల్స్‌బీ నియమం. టైప్ 1 లావు తీగలో కరెంట్ ఉపరితలం మీదే పోతుంది, అక్కడి అయస్కాంత ఫీల్డ్ క్రిటికల్ ఫీల్డ్‌ని (సూపర్ కండక్టర్ తట్టుకోగల హద్దుని) తాకగానే సూపర్ కండక్టివిటీ చెడుతుంది, అందుకే క్రిటికల్ కరెంట్ వ్యాసార్ధంతో పెరుగుతుంది కానీ వైశాల్యంతో కాదు. ఇప్పుడు ఆ తీగని పలచటి పట్టీగా చేయండి. ఫిల్మ్‌కి నిలువుగా వచ్చే ఫీల్డ్ లోపల సున్నా కావాలి, అలా కావాలంటే కరెంట్ అంచులకి జరగాలి. విద్యుదావేశం ఇచ్చిన పలచటి లోహపు పట్టీ లెక్క ఎలక్ట్రోస్టాటిక్స్‌లో చేసే ఉంటారు కదా, సరిగ్గా అదే ఫంక్షన్: సగం వెడల్పు స్క్వేర్‌లోంచి మధ్య నుంచి దూరం స్క్వేర్ తీసేసి, దాని వర్గమూలంతో భాగించాలి. విశాఖ ఎంవీపీ కాలనీ రూమ్‌లో ఉక్కపోతలో కూర్చుని ఈ గ్రాఫు గీస్తుంటే మా రూమ్మేట్ "ఒరేయ్, అయితే మధ్యలో కరెంట్ సున్నా కదా" అన్నాడు. సున్నా కాదు. సగటులో 2 బై పై, అంటే దాదాపు 0.64 వంతు ఉంటుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, బోర్డు దగ్గర బాగా పనికొస్తుంది.

అంచు దగ్గర ఫార్ములా అనంతానికి పోతుంది. నిజం ఫిల్మ్‌లో పోదు, దానికి పెర్ల్ 1964లో చెప్పిన పొడవు అడ్డొస్తుంది: పెనిట్రేషన్ డెప్త్ (అయస్కాంత ఫీల్డ్ లోపలికి చొరబడే లోతు) స్క్వేర్‌ని రెండుతో గుణించి మందంతో భాగించాలి. డెప్త్ 400 నానోమీటర్లు, మందం 5 అనుకుంటే 64 మైక్రోమీటర్లు వస్తుంది. అలాంటి ఫిల్మ్‌లో 100 నానోమీటర్ల తీగ కోస్తే దానిలో కరెంట్ సమంగానే పరుచుకుంటుంది, అంచు గొడవే లేదు. పెర్ల్ పొడవు కంటే బాగా వెడల్పైన ఫిల్మ్‌లో మాత్రం, పిన్నింగ్ లేకపోతే, క్రిటికల్ కరెంట్ వెడల్పు వర్గమూలంతో పెరుగుతుంది. అంటే వెడల్పు రెట్టింపు చేస్తే కరెంట్ 1.41 రెట్లే. వైబీసీఓ అనే హై టెంపరేచర్ సూపర్ కండక్టర్ లాంటి వాటిలో పిన్నింగ్ గట్టిగా ఉంటే కథ మళ్లీ మారుతుంది, బీన్ మోడల్ ప్రకారం ఫ్లక్స్ (అయస్కాంత ఫీల్డ్) అంచుల నుంచి లోపలికి వస్తూ వస్తూ చివరికి మొత్తం ఫిల్మ్ ఒకే కరెంట్ డెన్సిటీకి చేరుతుంది, అప్పుడు రెట్టింపుకి రెట్టింపే. నాకు నచ్చే భాగం ఇదే, ఒకే ప్రశ్నకి రెండు జవాబులూ నిజమే.

తర్వాత "అంచు దగ్గర అసలు ఏం జరుగుతుంది?" అంటారు. వోర్టెక్స్ లోపలికి రావాలి. అంచు దాన్ని వెనక్కి లాగుతుంది, ఇమేజ్ వోర్టెక్స్ (అంచుకి అవతల అద్దంలో బొమ్మలా ఊహించుకునే వోర్టెక్స్) ఆకర్షణ అది, బీన్-లివింగ్‌స్టన్ బ్యారియర్ అంటారు, ఇదీ 1964దే. కరెంట్ లోపలికి తోస్తుంది. తోపు గెలిచిన క్షణం వోల్టేజ్ కనిపిస్తుంది. అంచు నున్నగా ఉంటే డీపేరింగ్ కరెంట్ (ఎలక్ట్రాన్ జంటలే విడిపోయే కరెంట్) దగ్గర దాకా తట్టుకుంటుంది, చిన్న గాటు ఉంటే ముందే లొంగిపోతుంది. వంపులదీ ఇదే బాధ. మద్దిలపాలెం జంక్షన్‌లో ఆటోలన్నీ లోపలి మూలనే కోసుకుని తిరిగినట్టు కరెంట్ కూడా లోపలి మూలలో గుమిగూడుతుంది. 2011లో క్లెమ్, బెర్గ్రెన్ దీన్ని లెక్కగట్టి, మూలలు గుండ్రంగా చేస్తే క్రిటికల్ కరెంట్ తగ్గకుండా ఆపొచ్చని చూపించారు. ఒక్కొక్క ఫోటాన్‌నీ పట్టే సింగిల్ ఫోటాన్ డిటెక్టర్లు చేసేవాళ్లకి ఇది చాలా ముఖ్యం.

రెండు అంచులూ ఒకేలా లేకపోతే, ఫీల్డ్ పెట్టినప్పుడు ఒక దిశలో క్రిటికల్ కరెంట్ ఎక్కువ, ఎదురు దిశలో తక్కువ వస్తుంది, డయోడ్ లాగా. ఫీల్డ్ తీసేస్తే ఆ తేడా పోతుంది. ఎందుకో టైమ్ రివర్సల్ (కాలాన్ని వెనక్కి తిప్పితే కరెంట్, ఫీల్డ్ రెండూ తిరగబడతాయి) పెట్టి మీరే తేల్చండి, ఇంటర్వ్యూలో తప్పక అడిగే రకం ఇది.

చదవడానికి ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ అయినా, ఏయూ లైబ్రరీ అయినా ఒకటే, పెన్ను పట్టకుండా ఈ టాపిక్ బుర్రకెక్కదు. ఈ లెక్కతో మొదలెట్టండి: పెనిట్రేషన్ డెప్త్ 200 నానోమీటర్లు, మందం 20, ఒక పట్టీ వెడల్పు 1 మైక్రోమీటర్, ఇంకోటి 2 మిల్లీమీటర్లు. దేనిలో కరెంట్ అంచులకి పోతుంది? పిన్నింగ్ లేదనుకుని, రెండో పట్టీని 8 మిల్లీమీటర్లకి పెంచితే క్రిటికల్ కరెంట్ ఎన్ని రెట్లు?