చించినాడ వంతెన దాటాక కరెంటు కారుతో

హైదరాబాదు నుంచి విజయవాడ దాకా కరెంటు కారులో వెళ్లడం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. సూర్యాపేట దగ్గర టిఫిన్ ముగిసేలోపే బండికి కావలసినంత ఎక్కింది. ఆ హోటళ్లలో దోసె ధర ఏటేటా ఎందుకు అంతలా పెరుగుతోందో ఎవరైనా అడగాలి. అసలు కథ భీమవరం దాటాక మొదలైంది.

మేం వెళ్తున్నది అంతర్వేది దగ్గర మా అమ్మమ్మగారి ఊరికి. కైకలూరు, భీమవరం, పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి. దారి తెలియనివారు ఉండరు. ఒకసారి నిండా ఛార్జ్ చేస్తే మా కారు పోయే దూరం, అదే రేంజి, కంపెనీ కాగితం మీద 450 కిలోమీటర్ల పైమాటే. ఏసీ వేసుకుని, నలుగురం, సామానుతో హైవే మీద వెళ్తే 280 వస్తోంది. వాడేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. అమ్మేటప్పుడు మాత్రం షోరూంలో ఒక్కరూ నోరు విప్పి చెప్పరు.

భీమవరం దాటాక యాప్‌లో పచ్చచుక్క చూపించిన మొదటి ఛార్జర్ దగ్గరికి వెళ్తే దాని స్క్రీనే వెలగలేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేస్తున్నాం సార్, పది నిమిషాలు" అన్నారు. అరగంట పోయాక కూడా అదే మాట. అక్కడ మనిషంటూ లేడు. పెట్రోల్ బంకులో పంపు చెడితే కనీసం "పని చెయ్యట్లేదు" అని చెప్పడానికి ఓ కుర్రాడు ఉంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లక్షలు పోసి పెట్టిన మిషన్‌ని చూసుకునే దిక్కు లేదు. వెనక సీట్లో అమ్మ "ఇంకెంతసేపురా" అని అడుగుతూనే ఉంది.

రెండోది పాలకొల్లు వైపు, రోడ్డు పక్క చిన్న హోటల్ ఆవరణలో ఉంది. గన్ను తగిలించగానే పట్టుకుంది. హమ్మయ్య అనుకుని టీ చెప్పానో లేదో, కరెంటు పోయింది. ఫ్యాన్లు, లైట్లు, ఛార్జర్ అన్నీ ఒకేసారి. బ్యాటరీ 31 శాతం దగ్గర ఆగిపోయింది.

పక్క బల్ల మీద ఒక రొయ్యల రైతు కూర్చుని ఉన్నాడు. మేత బండి కోసం చూస్తున్నాడట. కాసేపు మా కారునీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఆయ్, మీది కరెంటు కారాండి? మరి ఇప్పుడేం చేస్తారండి?"

"వచ్చేదాకా కూర్చోవడమేనండి" అన్నాను.

"జనరేటర్ లేదాండి దీనికి?"

లేదన్నాను. ఆయన నమ్మలేకపోయాడు. ఆయనకి వెనామీ రకం రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. తెల్లారగట్ట నీళ్లలో ఆక్సిజన్, వాళ్ల భాషలో డీవో, బాగా పడిపోతుంది. "ఆ టైంలో కరెంటు పోయిందనుకోండి, నిమిషాల్లో జనరేటర్ అందుకోవాలండి. ఆలస్యమైతే రొయ్య పైకి తేలిపోద్ది. పెట్టుబడంతా పోయినట్టే. జనరేటర్ లేకుండా మా దగ్గర ఎవడూ చెరువు వెయ్యడండి. అన్ని లక్షల కారుని ఒక్క తీగ మీద నమ్ముకుని ఎలా కొన్నారండి?"

ఎలక్ట్రిక్ కార్ల మీద పేపర్లో, టీవీలో చాలా వాదనలు విన్నాను. ఇంత సూటైన ప్రశ్న ఎవరూ అడగలేదు. కరెంటు మీద బతకడమంటే ఏమిటో హైదరాబాదులో అపార్ట్‌మెంట్ ఇన్వర్టర్ కింద కూర్చునే మాకంటే ఈ చెరువుల వాళ్లకే బాగా తెలుసు. వీళ్లు కొత్తదానికి భయపడే మనుషులు కూడా కాదు. వరి చేలని చేపల చెరువులు చేసి, వాటినే రొయ్యల చెరువులుగా మార్చినవాళ్లు. అడ్డం పడితే రెండో దారి ఏముందని వీళ్లు ముందే చూసుకుంటారు.

తర్వాత లెక్కల్లోకి దిగాడు. యూనిట్ ఎంత పడుతుందని అడిగితే, జీఎస్టీ 18 శాతం కలిపి 24 రూపాయలన్నాను. ఆశ్చర్యపోయాడు. చేపలు, రొయ్యల సాగుకి గుర్తించిన ఆక్వా జోన్‌లో పదెకరాల లోపు రైతుకి అప్పట్లో యూనిట్ రూపాయిన్నర మరి. మా కారు యూనిట్‌కి 7 కిలోమీటర్లు పోతుంది. అంటే బయట ఛార్జింగ్ పెడితే కిలోమీటరుకి మూడున్నర రూపాయలకి కాస్త తక్కువ. డీజిల్ కారుకి అయిదు రూపాయలు అనుకుందాం. మిగిలేది రూపాయిన్నర. కారుకి మూడు లక్షలు ఎక్కువ పెట్టి ఉంటే, అది తిరిగి రావడానికి రెండు లక్షల కిలోమీటర్లు తిరగాలి. మా బ్యాటరీ వారంటీ చూస్తే ఎనిమిదేళ్లు, లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. "అంటే మీ లాభం వచ్చేసరికి వారంటీ అయిపోద్దండి" అన్నాడు. ఇంటి దగ్గర ఏడు రూపాయల కరెంటుతో నడిపితే కిలోమీటరుకి రూపాయే పడుతుందనీ, అప్పుడు 75 వేల కిలోమీటర్లకే మూడు లక్షలూ వచ్చేస్తాయనీ చెప్పాను. ఒప్పుకున్నాడు. "అలాగైతే ఊళ్లో తిరిగేవాడికండి ఇది" అన్నాడు.

ఇంకా మాట్లాడాలని ఉన్నా, కరెంటు వచ్చింది, ఆయన మేత బండీ వచ్చింది.

వంతెన మీద వశిష్ఠ గోదావరి గాలి తగిలాక మనసు తేలికపడింది. ఊరు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. అక్కడ మరో తలనొప్పి. మామయ్యగారిది పాత మండువా ఇల్లు. 15 ఆంపుల ప్లగ్ ఉంది కానీ ఎర్తింగ్ లేదు. మా కారు ఛార్జర్‌కి ఎర్త్ దొరకకపోతే ఎర్ర లైటు వెలిగి ఊరుకుంటుంది, ఒక్క యూనిట్ కూడా తీసుకోదు. భద్రత కోసమే అలా పెట్టారు, మంచిదే. కానీ కోనసీమలో ఎన్ని పాత ఇళ్లకి సరైన ఎర్తింగ్ ఉంటుంది? మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, దొడ్లో కొబ్బరిచెట్ల మధ్య గొయ్యి తీయించి, జీఐ పైపు దింపి, ఉప్పూ బొగ్గూ వేయించారు. అయిదడుగుల్లోనే నీళ్లు తగిలాయి. ఈ నేలలో ఎర్త్ బ్రహ్మాండంగా పట్టుకుంటుందని అతను సంబరపడ్డాడు. పచ్చ లైటు వెలిగింది. అయినా సాయంత్రం వోల్టేజి పడిపోవడంతో రాత్రి పదకొండు తర్వాతే సరిగ్గా ఎక్కింది. తెల్లారేసరికి ముప్పావు వంతు నిండింది.

భోజనాల దగ్గర మామయ్య అడిగిన మొదటి మాట, "పేలుతుందటగా అబ్బాయ్?" 2022 ఏప్రిల్లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయిన సంగతి ఆయనకి గుర్తుంది. కొట్టిపారేయడానికి నాకు నోరు రాలేదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకి పైగా మండినప్పుడు ఈ ఇంటి వాకిట్లోంచే ఎర్రబడ్డ ఆకాశం చూశాం. 2014 జూన్‌లో ఇక్కడి నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. భద్రమే అని పెద్దవాళ్లు చెబితే నమ్మి ఊరుకునే ప్రాంతం కాదిది. మా కారులో ఉన్నది ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ అనీ, అది మిగతా లిథియం రకాలంత తొందరగా వేడెక్కి అంటుకోదనీ చెప్పాను. అసలు అంటుకోదని మాత్రం చెప్పలేదు. రాత్రి కారు ఇంటికి దూరంగా, దొడ్లోనే ఉంచాం.

మామయ్య కొడుకు కూడా ఇలాంటి కారే కొందామనుకుంటున్నాడు. వాడి భయం వేరు. "బావా, నాన్నకి గుండె జబ్బు. అర్ధరాత్రి రాజమండ్రి పరిగెత్తాలంటే, ఆ పూట కరెంటు లేక బండిలో ఇరవై శాతమే ఉంటే?" ఇక్కణ్ణుంచి రాజమండ్రి తొంభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. రోజూ రాజోలు, అమలాపురం తిరగడానికి ఇంతకంటే మంచి బండి లేదు. చప్పుడు లేదు, ఖర్చు లేదు. కానీ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారు ఇదే అయితే, వాడి పరిస్థితిలో నేనైతే కొననని చెప్పేశాను. వరద రోజుల్లో కరెంటు ఎన్ని పూటలు ఉండదో 2022 జూలైలో గోదావరి లంకల వాళ్లు చూశారు.

అంతర్వేదిలో స్వామి దర్శనం ప్రశాంతంగా అయింది. తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో కారుని పంటు, అంటే బళ్లని ఏరు దాటించే పడవ, ఎక్కించి నరసాపురంలో దిగాం. చుట్టూ తిరిగే కిలోమీటర్లు కలిసొచ్చాయి.

మొన్న బావమరిది ఫోన్ చేశాడు. ప్రస్తుతానికి సీఎన్‌జీ బండి బుక్ చేశాడట. ఎర్తింగ్ ఎలాగూ ఉంది కదా, మా చెల్లెమ్మకి స్కూల్‌కి వెళ్లడానికి కరెంటు స్కూటర్ తీసుకున్నాడు. ఛార్జింగ్ మాత్రం వరండాలో పెట్టనివ్వకుండా మామయ్య దొడ్లో రేకుల పందిరి వేయించారట. భీమవరం దగ్గరి ఆ మొదటి ఛార్జర్ యాప్‌లో ఇప్పటికీ పచ్చగానే కనిపిస్తోంది. ఫోటోలతో రెండోసారి ఫిర్యాదు పెట్టాను.