వెనక వైపర్ మధ్యలో ఆగిపోతే వెంటనే మోటారు కొనేయకండి

మా కారు వెనక వైపర్ ఒక్కరోజులో పాడవలేదు. ఎండాకాలంలో ఒకసారి అద్దం దుమ్ము పోవడానికి నీళ్లు కొట్టి వేస్తే కాస్త బరువుగా కదిలినట్టు అనిపించింది, రబ్బరు ఎండిపోయి ఉంటుందిలే అని వదిలేశాను. జూన్‌లో వానలు మొదలయ్యాక పైకి వెళ్లడం బాగానే వెళ్లేది, తిరిగి కిందికి రావడానికి మూలిగేది. ఆగస్టులో అరకు వెళ్తుంటే అనంతగిరి ఘాట్‌లో అద్దం మధ్యకి వచ్చి నిటారుగా నిలబడిపోయింది. ఇక కదల్లేదు.

మేముండేది విశాఖలో, ఎంవీపీ కాలనీ. ఆ రోజు పొద్దున్నే బయల్దేరాం, ఎస్.కోట దాటేదాకా ఎండగానే ఉంది, ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక వాన పట్టుకుంది. రోడ్డు తవ్విన చోట ఎర్రమట్టి. ఐదు నిమిషాల్లో వెనక అద్దం ఎర్రమట్టితో అలికినట్టు అయిపోయింది. డిక్కీ నిటారుగా ఉండే చిన్న కార్లకి ఇది తప్పదు, కారు ముందుకి పోతుంటే వెనకాల గాలి సుళ్లు తిరుగుతుంది, చక్రాలు చిమ్మిన బురద తుంపరంతా ఆ సుడిలో పడి వచ్చి అద్దానికే అంటుకుంటుంది. సెడాన్లలో గాలి పైకప్పు మీంచి జారి అద్దం మీదుగా పోతుంది కాబట్టి వాటికి వెనక వైపర్ లేకపోయినా గడిచిపోతుంది, మనకి గడవదు.

మలుపులో పైనుంచి బస్సు వచ్చింది. నేను నాలుగు మీటర్లు వెనక్కి వెళ్తే తప్ప దానికి దారి లేదు. వెనక అద్దంలో ఏమీ కనపడటం లేదు, ఒక పక్క లోయ, వెనక సీట్లో పాప. మా ఆవిడ గొడుగు కూడా తీసుకోకుండా దిగిపోయి, వానలో నిలబడి "రండి, రండి, ఇంకా రండి... ఆగండి, చాలు!" అని అరుస్తుంటే ఆ గొంతుని పట్టుకుని వెనక్కి వచ్చాను. బస్సు వెళ్లిపోయాక కూడా నా చేతులు స్టీరింగ్ మీంచి రాలేదు. వెనక వైపర్ అంటే ఉన్నా లేకపోయినా ఒకటే అనుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పాలని ఉంది. రివర్స్ కెమెరా ఉంది కదా అంటారేమో, ఆ కెమెరా కన్ను మీద కూడా అదే బురద.

కాస్త వెడల్పు ఉన్న చోట ఆపి దిగి చూశాను. బ్లేడుని పట్టుకుని ఊగే చెయ్యి, అదే ఆర్మ్, దాన్ని చేత్తో పక్కకి నెట్టబోయి ఆగిపోయాను, ఆగడం మంచిదే అయింది. వైపర్ మోటారులో వర్మ్ గేరు ఉంటుంది, మోటారు తిరిగితే ఆర్మ్ కదులుతుంది కానీ ఆర్మ్‌ని కదిపితే మోటారు తిరగదు. బలవంతంగా నెడితే లోపల గేరు పళ్లు విరుగుతాయి.

స్విచ్ ఆపేశాను కదా అని అలాగే అరకు దాకా వెళ్లిపోయాను, అది మాత్రం తప్పు పని. వైపర్ స్విచ్ ఆపినంత మాత్రాన మోటారుకి కరెంటు ఆగదు. మనం ఎప్పుడు ఆపినా వైపర్ తన చోటుకి వెళ్లి పడుకుంటుంది చూడండి, అలా పడుకునేదాకా కరెంటు ఇవ్వడానికి లోపలి గేరు మీద ఒక రాగి పట్టీ ఉంటుంది. పడుకున్న చోట మాత్రమే ఆ పట్టీ తెగి ఉంటుంది, అక్కడే కరెంటు ఆగుతుంది. అంటే మధ్యలో ఇరుక్కుపోయిన వైపర్‌కి, స్విచ్ ఆపినా, ఇంజిన్ నడుస్తున్నంతసేపూ కరెంటు పోతూనే ఉంటుంది. కదల్లేని మోటారులోకి కరెంటు పోతే అది వేడెక్కుతుంది, అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే వైండింగ్, అంటే లోపలి రాగి తీగ చుట్ట, కాలిపోతుంది. కొన్ని మోటార్లలో వేడెక్కగానే ఆపేసే ఏర్పాటు ఉంటుంది, అందుకే కాసేపు ఆగి మళ్లీ రెండుసార్లు ఊగి మళ్లీ ఆగిపోతుంటాయి. కాబట్టి దారిలో మధ్యలో నిలిచిపోతే వెనక వైపర్ ఫ్యూజు పీకేయండి. అది ఏ ఫ్యూజో ఫ్యూజుల డబ్బా మూత వెనకాలో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది.

ఊరికి వచ్చాక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కుర్రాడు స్విచ్ ఒకసారి వేశాడు, ఒకసారి తీశాడు, "మోటారు అసెంబ్లీ మార్చాలి సార్, నాలుగున్నర వేలు, లేబర్ వేరే" అన్నాడు. డిక్కీ తెరవలేదు, పానా పట్టలేదు. డబ్బు కంటే నాకు బాధనిపించింది అదే, చూడకుండా చెప్పడం. ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను.

ఆదివారం పొద్దున్న అపార్ట్‌మెంట్ కింద కూర్చున్నాను. కింది ఫ్లాట్ బాబాయ్ గారు పాల ప్యాకెట్లు పట్టుకుని వస్తూ ఆగారు. స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు.

"ఏటి బాబూ, పొద్దున్నే డిక్కీ ఎత్తుకుని కూకున్నావు?"

చెప్పాను. "ముందు చెయ్యి ఊడదీసి చూడు బాబూ, చెయ్యి లేకుండా తిరుగుతాదేమో" అన్నారు. అసలు పరీక్ష అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఆర్మ్ తీసేసి స్విచ్ వేయండి. ఆర్మ్ కూర్చునే ఇరుసు, అంటే షాఫ్ట్, ఉత్తదే హాయిగా అటూ ఇటూ ఊగితే తప్పు బ్లేడుదో ఆర్మ్‌దో, కొత్త బ్లేడుతో తీరిపోవచ్చు. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు చూడండి, తర్వాత డిక్కీ పైన, కీలు దగ్గర, బాడీలోంచి డిక్కీలోకి వైర్లు వెళ్లే నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది, దాన్ని జరిపి చూడండి. డిక్కీ వేసి తీసిన ప్రతిసారీ అక్కడ వైర్లు వంగుతాయి, ఏళ్ల తరబడి వంగి వంగి లోపల రాగి తెగిపోతుంది, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం బాగానే కనపడుతుంది. ఇక మూడోది, షాఫ్ట్ తిరగడానికి ప్రయత్నిస్తోంది, మూలుగుతోంది, సగంలో ఆగుతోంది అంటే మోటారు బతికే ఉంది, షాఫ్ట్ బిగుసుకుపోయింది. మాది ఇదే.

ఆర్మ్ తీయడం చెప్పినంత తేలిక కాలేదు. పది నంబర్ పానాతో నట్టు వచ్చేసింది, ఆర్మ్ రాలేదు. షాఫ్ట్ చివర సన్నటి పళ్లు ఉంటాయి, ఆర్మ్ రంధ్రం వాటి మీద కూర్చుని చిలుము పట్టి ఒకటైపోయింది. ఇక్కడ స్క్రూడ్రైవర్ పెట్టి అద్దం మీద ఆనించి ఎత్తాలని ఎవరికైనా చెయ్యి లాగుతుంది, దయచేసి వద్దు. వెనక అద్దం టఫెన్డ్ గ్లాసు, ఒక్క మూల దెబ్బ తగిలితే మొత్తం పటిక బెల్లం పలుకుల్లా రాలిపోతుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రే చేసి రాత్రంతా వదిలేశాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చాక, బ్యాటరీ టెర్మినల్ ఊడదీసే చిన్న పుల్లర్ బాబాయ్ గారి దగ్గర ఉంటే అది తగిలించి మెల్లగా తిప్పాను. టక్కున ఊడింది. అంతకుముందే బ్లేడు మామూలుగా పడుకునే చోట అద్దం మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకున్నాను, మళ్లీ బిగించేటప్పుడు అది లేకపోతే నాలుగుసార్లు ఊడదీయాల్సి వచ్చేది.

డిక్కీ లోపలి ప్లాస్టిక్ అట్ట క్లిప్పులతో ఉంటుంది. రెండు విరిగాయి. అవి విరుగుతాయి, ముందే నాలుగు కొని పెట్టుకోండి.

మోటారు మూడు బోల్టుల మీద ఉంది. తీసేముందు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూశాను. వైపర్ ఆగిపోయి మూలుగుతున్నప్పుడు కూడా పన్నెండు వోల్టులు వస్తున్నాయి. అంటే వైరింగ్ మీద అనుమానం పోయింది. ఊడదీసి చేతిలో పట్టుకుంటే అప్పుడు కనపడింది అసలు సంగతి. షాఫ్ట్ బయటికి వచ్చే అల్యూమినియం గొట్టం చివర చుట్టూ తెల్లటి పొడి, సముద్రం ఒడ్డున ఎండిన ఉప్పు పెచ్చులాగా. గోరుతో గీకితే రాలుతోంది. దాని మధ్యలో ఇనప షాఫ్ట్ గోధుమరంగు తుప్పుతో. అల్యూమినియం, ఇనుము ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీళ్లలో నానితే అల్యూమినియం తినేయబడుతుంది, ఆ తినేయబడినది తెల్లపొడి అవుతుంది, ఆ పొడికి లోహం కంటే ఎక్కువ చోటు కావాలి, ఉన్న సందు వెంట్రుకంత. ఇక షాఫ్ట్ ఎలా తిరుగుతుంది? మా ఊళ్లో ఉప్పుగాలికి కిటికీ చువ్వలే ఆగవు.

కానీ నీళ్లు లోపలికి ఎలా వెళ్లాయన్నది వేరే ప్రశ్న, జవాబు నాకు తట్టడానికి కాస్త సమయం పట్టింది. ఆర్మ్ మొదట్లో నట్టుని కప్పే చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. ఏడాది క్రితం కారు కడిగించినప్పుడు అది విరిగిపోయింది. ఉత్త మూతే కదా అని పట్టించుకోలేదు. ఏడాదంతా వాన నీళ్లు, ప్రెషర్ వాష్ నీళ్లు నట్టు దగ్గర నిలిచి, షాఫ్ట్ వెంబడి కిందికి దిగి, రబ్బరు రింగుని దాటి లోపలికి వెళ్లాయి. కొన్ని కార్లలో వాషర్ నీళ్లు ఈ షాఫ్ట్ మధ్యలోంచే వస్తాయి, వాటిల్లో మూత బాగున్నా లోపల లీకయి ఇదే జరగొచ్చు.

మా మోటారు మూత నాలుగు స్క్రూలతో ఉంది కాబట్టి తెరవగలిగాను, రివెట్లు కొట్టినవైతే మెకానిక్‌కి ఇవ్వడమే మేలు. తెరవగానే ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నాను. మోటారు ఒకే దిక్కున తిరుగుతుంది, దాన్ని అటూ ఇటూ ఊపుగా మార్చేది లోపల ఒక చిన్న లింకు, ఆ లింకు ఒక్కటి తిరగేసి పెట్టినా వైపర్ డిక్కీ రేకుని తుడుస్తుంది. లోపలి గ్రీజు ఆరిపోయిన తేనె బంకలా ఉంది.

బయటి లాక్ క్లిప్పు, వాషరు, రబ్బరు రింగు తీశాక షాఫ్ట్‌ని లోపలి వైపుకి నెట్టాలి. రాలేదు. నేను సుత్తి తీసుకోగానే బాబాయ్ గారు చెయ్యి పట్టుకున్నారు. "కొట్టకు బాబూ, కొడితే చివర ముద్దయిపోద్ది, మరి గొట్టంలోంచి రాదు. తిప్పు. నూనె తాగనీ, మళ్లీ తిప్పు." నట్టుని తిరిగి చివరికంటా ఎక్కించి, దానికి పానా పెట్టి, ఇటు ఒక గీత, అటు ఒక గీత. మొదట ఏమీ లేదు. నూనె చుక్క, పది నిమిషాలు ఆగడం, మళ్లీ. మూడోసారికి కిర్రుమంది, ఎర్రటి నూనె బయటికి ఊరింది. ఆ శబ్దం విన్నప్పుడు మా ఇద్దరి మొహాలూ చూడాల్సింది. గంటన్నర పట్టింది మొత్తం బయటికి రావడానికి.

ఆ తర్వాత పని సులువు. షాఫ్ట్‌ని 600 ఎమరీ పేపర్‌తో, తర్వాత 1000తో రుద్దాను, మెరుపు వచ్చేదాకా మాత్రమే, అరగదీస్తే వదులై వైపర్ లొడలొడలాడుతుంది. గొట్టం లోపలికి పెన్సిల్‌కి చుట్టిన ఎమరీ. కిరోసిన్‌తో అంతా కడిగి, ఆరబెట్టి, గేర్లకీ షాఫ్ట్‌కీ లిథియం గ్రీజు, రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు పెట్టాను. రింగు కొత్తది, బేరింగుల షాపులో పాతది చూపిస్తే అదే కొలతది పది రూపాయలకి ఇచ్చారు. కొంతమంది బిగుసుకున్న షాఫ్ట్ మీద బయటినుంచి స్ప్రే కొట్టి పని అయిపోయిందంటారు. వారం నడుస్తుంది. ఆ స్ప్రే పాత గ్రీజుని కూడా కడిగేసి ఆరిపోతుంది, తర్వాత ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. విప్పి తీయడానికి అది మంచి వస్తువే, గ్రీజు చేసే పని మాత్రం చేయదు.

బిగించేటప్పుడు ఒక క్రమం ఉంది. ఆర్మ్ పెట్టకుండానే కనెక్టర్ తగిలించి, స్విచ్ ఒకసారి వేసి ఆపేయాలి. షాఫ్ట్ తన పడుకునే చోటుకి వచ్చి ఆగుతుంది. అప్పుడు బ్లేడుని టేపు గుర్తు మీదకి తెచ్చి ఆర్మ్ ఎక్కించాలి. నట్టు మరీ బిగించకూడదు, ఆర్మ్ రంధ్రంలో పళ్లు మెత్తటి లోహం. అద్దం తడిపి వేశాను. సర్రున వెళ్లింది, సర్రున వచ్చింది, పడుకుంది. పాప మళ్లీ వేయమంది. ఎనిమిది సార్లు వేశాం.

ప్లాస్టిక్ మూత కోసం మాత్రం మూడు షాపులు తిరిగాను. విడిగా రాదు, ఆర్మ్‌తో కలిపే కొనాలన్నారు. చివరికి పాత సామాన్ల కొట్టులో వేరే కారుది ఒకటి దొరికింది, రంగు కలవలేదు, కొంచెం వదులుగా ఉంటే లోపల రబ్బరు ముక్క పెట్టి నొక్కాను. ఇప్పుడు వాన ఉన్నా లేకపోయినా ఆదివారం కారు తుడిచినప్పుడల్లా అద్దం తడిపి వెనక వైపర్ నాలుగుసార్లు ఊపుతున్నాను, నెలల తరబడి కదలకుండా ఉంటే ఏ షాఫ్టయినా పట్టేయొచ్చు. అక్టోబరులో మూడు రోజులు వదలకుండా కురిసింది, మూత తీసి వేలు పెట్టి చూశాను, లోపల పొడిగా ఉంది. అద్దం మీద టేపు ముక్క ఇంకా అలాగే ఉంచాను.