బొల్లికి మందూ కాంతీ కలిసినప్పుడు

బొల్లి మచ్చలకు పూతమందు ఒక్కటే నెలల తరబడి రాసి నిరాశపడినవారిని చూసినప్పుడల్లా, కాంతి చికిత్స గురించి వారికి ఎవరైనా ముందే వివరించి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఈ వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలపై దాడి చేస్తుంది. టాక్రోలిమస్ లేపనం గానీ, 2022లో అమెరికాలో బొల్లికి అనుమతి పొందిన రుక్సోలిటినిబ్ క్రీము గానీ ఆ దాడిని తగ్గిస్తాయి. అయితే దాడి తగ్గినంత మాత్రాన పోయిన రంగు దానంతటదే తిరిగి వస్తుందన్న భరోసా లేదు. వెంట్రుకల కుదుళ్లలో మిగిలి ఉన్న మూలకణాలను మేల్కొలిపి పైకి రప్పించే పనిని 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చేస్తుంది.

అందుకే మచ్చలో మొదట కనిపించేవి రోమాల చుట్టూ ఆవగింజంత గోధుమరంగు చుక్కలు. నా మెడ మీద అవి ఒకదానితో ఒకటి కలుస్తూ రావడం అద్దంలో చూసుకున్నప్పుడు కలిగిన ధైర్యం అంతా ఇంతా కాదు. రోమాలు లేని వేళ్ల కొనలు, పెదవులు మాత్రం మొండికేస్తాయి. మచ్చలోని వెంట్రుకలు తెల్లబడినా ఫలితం తక్కువే. సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, కనీసం ఆరు నెలలపాటు, చర్మవైద్యుల పర్యవేక్షణలో కళ్లకు రక్షణతో ఈ చికిత్స సాగాలి. మందపాటి లేపనం కాంతిని అడ్డుకుంటుంది కనుక దానిని కాంతికి ముందు కాక, తరువాతే రాసుకోవాలి.